పీట మీద పెట్టిన పూలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. క్లాసులో నేర్పనిది ఏదైనా చెప్పమంటారు. నిజానికి క్లాసులో బాగానే నేర్పుతున్నారు. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు చేతి వెనక వైపు మెల్లగా తాకాలి. వచ్చింది ఎవరో తెలియజేయాలి. వాళ్ళ చెయ్యి పట్టి లాగకూడదు, మన చెయ్యి వాళ్ళ చేతి కింద పెట్టి చూపించాలి. వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పి వెళ్ళాలి. నడి గదిలో నిలబెట్టి వదిలేయకూడదు, గోడో కుర్చీ వీపో చేతికి అందించాకే కదలాలి. ఇవన్నీ నాకూ చెప్పారు. నేనూ నేర్చుకున్నాను, అడిగితే అప్పజెప్పేవాడిని.

కాని నేర్చుకున్నది నా తల. నా చెయ్యి మాత్రం మా ఇంట్లో పెరిగింది. ఆ తేడా నాకు ఏ క్లాసులోనూ తెలియలేదు. తెలిసిన చోటు గురించే ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరానో, ఏ పదవిలో దిగానో మీకు పనికిరాదు. నేను సిగ్గుపడే సంగతులు పనికొస్తాయి.

మా ఇల్లు

తమిళనాడులో, హోసూరు నుంచి డెంకణికోట పోయే దారిలో మా ఊరు. మమ్మల్ని ఇప్పటికీ కోట ఇంటివాళ్ళు అంటారు. కోట లేదు. దాని రాళ్ళు ఊళ్ళో సగం ఇళ్ళకు పునాదులయ్యాయి. మా తాత కాలానికి గుర్రాలు పోయాయి, నాన్న కాలానికి భూమి పోయింది. నా వంతుకు వచ్చినవి రెండు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చునే అలవాటు ఒకటి, రాయి ఊడిపోయిన ఉంగరం ఒకటి. రాయి ఉండవలసిన చోట నాలుగు బంగారు కొక్కేలు ఖాళీగా నిలబడి ఉండేవి. దాన్ని తీయకుండా పెట్టుకునే తిరిగేవాడిని.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పనికి వచ్చేవాళ్ళకు ఏదీ చేతికి ఇవ్వరు. కూలి గింజలైనా, పండగ బట్టలైనా, ఎండలో అడిగిన మజ్జిగైనా తిన్నె మీద పెడతారు. పెట్టినవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరుగుతారు. అప్పుడు వాళ్ళు వచ్చి తీసుకుంటారు. దీన్ని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నడక నేర్చినట్టే ఇదీ వచ్చింది. మా ఇంట్లో ఎవరినీ తిట్టేవాళ్ళు కాదు, చెయ్యి చేసుకునేవాళ్ళు కాదు. కనుక మాది మర్యాదగల ఇల్లని మేము గట్టిగా నమ్మేవాళ్ళం.

అటువంటి ఇంటి నుంచి ఈ ఉద్యోగానికి వచ్చాను. ఇష్టపడి రాలేదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాను, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను. ఆ రోజుల్లో నాకు దొరికింది ఇదే. బంధువులకు మాత్రం ఒక ట్రస్టులో ఆఫీసరునని చెప్పుకున్నాను.

మేడమ్

కృష్ణగిరిలో మా ఆఫీసును నడిపింది ఫిలోమినా మేడమ్. అంతకు ముందు నర్సుగా చేసిందావిడ. ఇంట్లో తమిళం, బయట మా అందరికంటే పచ్చి తెలుగు. నన్ను పనిలోకి తీసుకున్న రోజు నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"రోజంతా ఎవరో ఒకరు నీ చేతులు పట్టుకోని ఉంటారప్పా. చెమట చేతులు, మట్టి చేతులు, ఎంగిలి చేతులు. నీకు పరవాలేదా?"

"పరవాలేదు మేడమ్."

"అయితే ఆ వీపు కొంచెం వంచు. వాళ్ళు కూర్చోని ఉంటారు. నువ్వు జెండా కర్ర మాదిరి నిలబడుకుంటే వాళ్ళకి నీ చెయ్యి యాడ అందుతుంది?"

పరవాలేదు అన్నది అబద్ధమని ఆ రోజు నాకే తెలియదు.

మా పనిలో ప్రతివాళ్ళకూ ఒక గుర్తు ఉండాలి. చేతిని తాకిన వెంటనే ఆ గుర్తు అందిస్తే వచ్చిందెవరో అవతలి మనిషికి తెలుస్తుంది. ఒకావిడకు లావు గాజు, ఒకతనికి గడ్డం, మేడమ్‌కు మెడలో శిలువ. నా గుర్తు ఉంగరం. ఆ ఖాళీ కొక్కేల మీద వేలు పెట్టి, వచ్చింది నేనేనని తెలిసి వాళ్ళు తలాడిస్తే నాకు లోపల ఎక్కడో గర్వంగా ఉండేది. మా వంశాన్నే గుర్తుపడుతున్నారన్నట్టు ఉండేది.

మేడమ్ తరువాత వచ్చిన పై అధికారి గురించి ఒక్క మాట చెబుతాను. ఆయన కాలంలో మా ఫొటోలు చాలా బాగా వచ్చాయి. మేడమ్ కాలంలో ఒక్క ఫొటో లేదు, ఎందుకంటే ఆవిడ చేతులు ఎప్పుడూ ఎవరి చేతుల్లోనో ఉండేవి. మీకు పై అధికారిని ఎంచుకునే వీలు దొరకదు. దొరికితే మాత్రం వాళ్ళ చేతులు చూసి ఎంచుకోండి.

హోసూరు పెద్దాయన

నాకు మంచి పేరు తెచ్చిన మనిషి హోసూరులో ఒక రిటైర్డు హెడ్మాస్టరు. వయసు మీద పడ్డాక ముందు చెవులు పోయాయి, తరువాత కళ్ళు. అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తే చదివేవారు. వారం వారం వెళ్ళి పేపరులోని సంగతులు ఆయన చేతిలో రాసేవాడిని. కెలవరపల్లి డ్యాంలో నీళ్ళెంత, టమోటా ధరెంత, ఏ దారిలో ఏ వంతెన వేస్తున్నారు. ఆయన నోటితో జవాబు చెప్పేవారు, వీధంతా వినపడేటంత గట్టిగా.

"ఈ పొద్దు బస్సులో ఎవురితోనో కొట్లాడినావు. చెయ్యి కాలతా ఉంది."

"కండక్టరుతో" అని రాశాను.

"గెలిచినావా?"

"లేదు."

"అదే, అందుకే ఇంత వేడి" అని పగలబడి నవ్వేవారు.

ఆయన చేతిలో నా చెయ్యి ఎంతసేపైనా ఉండేది. మందు బిళ్ళ అరచేతిలో పెట్టేవాడిని, గ్లాసు వేళ్ళ చుట్టూ అమర్చేవాడిని, మెట్లు దిగేటప్పుడు మోచెయ్యి అందించేవాడిని. నేర్పినది నేర్పినట్టు చేశాను. మేడమ్ కొత్తవాళ్ళను ఆయన ఇంటికి పంపి నా పని చూసి రమ్మనేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎలా ఇవ్వాలో నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదు. నాకు తెలుసు. ఆయన మా ఇంటి లోపలి గదిలో కూర్చోదగిన మనిషి. నా చేతికి అదీ తెలుసు.

రత్నమ్మ

తళి దారిలో ఒక ఊరు. గొర్రెలు మేపుకునే కుటుంబాలు, ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ కప్పుల కింద పూలు పెంచే పాలీహౌసుల్లో పనికి పోతున్నారు. అక్కడ మునిరాజప్ప చెల్లెలు రత్నమ్మ. పుట్టుకతోనే చెవుడు. చిన్నప్పుడు కృష్ణగిరిలో చెవిటి పిల్లల బడిలో ఉండి సైగలతో మాట్లాడటం బాగా నేర్చుకుంది. పెద్దయ్యేకొద్దీ చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చింది. నేను చూసేనాటికి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలిసేది కాదు. ఇక ఆమెతో మాట్లాడాలంటే ఎదుటివాళ్ళు చేసే సైగల మీద ఆమె చేతులు పెట్టి చదువుకోవాలి.

మునిరాజప్ప భార్య గౌరమ్మ గులాబీల ప్యాకింగ్ షెడ్డులో చేసేది. పొద్దున మొగుడూ పెళ్ళామూ పనికి పోతే రత్నమ్మ ఒక్కతే. ఒకసారి ఇంట్లోంచి నడుచుకుంటూ బస్సులు తిరిగే రోడ్డు మీదికి వచ్చేసింది. ఆ తరువాత బయట గొళ్ళెం పెట్టి పోవడం మొదలుపెట్టారు.

"నాకు మాత్రం బాగుంటుందా సార్? గొర్రెపిల్లని కూడా అట్ల మూసిపెట్టము" అన్నాడు మునిరాజప్ప మొదటి రోజే.

రెండు దారులున్నాయి. వేలూరు దాటిన తరువాత ఇటువంటివాళ్ళను ఉంచుకునే హోము ఒకటి ఉంది, అక్కడికి పంపడం ఒకటి. గౌరమ్మ చేసే షెడ్డులోనే పని నేర్పించడం రెండోది. కాడ కింది ఆకులు దూసి, పూల తలలు సమంగా పేర్చి రబ్బరు బ్యాండు వేసే పని. షెడ్డు ఓనరు ఒప్పుకున్నాడు, చేయగలదని మేము చెబితే చాలన్నాడు. ఆ చెప్పే పని మేడమ్ నాకు అప్పజెప్పింది. రత్నమ్మ తన ఇంట్లో ఉండటమా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్యకు పోవడమా అన్నది నా మాట మీద ఆధారపడింది.

గౌరమ్మ షెడ్డులో పక్కన పడేసిన పూలు ఒక బకెట్లో తెచ్చి పెట్టేది. నేను వెళ్ళేవాడిని. రత్నమ్మ తిన్నె కింద చాప మీద కూర్చుని ఉండేది. చేతి వెనక ఉంగరం తాకించేవాడిని. ఆమె వెంటనే తిరిగి అరచెయ్యి తెరిచి చాపేది. నేను పూలు తీసి ఆమె ముందున్న పీట మీద పెట్టేవాడిని. పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడేవాడిని.

ఆమె అరచెయ్యి అలాగే తెరుచుకుని ఉండేది. కాసేపటికి మూసుకుని ఒళ్ళోకి పోయేది.

నాకు సైగలు వచ్చు. కాని అవి వాడాలంటే ఆమె చేతులు నా చేతుల మీద చాలాసేపు ఉండాలి. దీనికి అంత అవసరం లేదనుకున్నాను. పువ్వు కదా, వాసన బట్టి తెలుసుకుంటుందిలే అనుకున్నాను. పాలీహౌసు గులాబీలకు వాసన ఉండదని కనుక్కోవాలన్న ధ్యాస కూడా నాకు లేదు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పెట్టాను. మళ్ళీ అరచెయ్యి తెరుచుకుంది, మూసుకుంది. ఆ చాపిన చేతిని చూస్తే నాకు ఒకటే అర్థం తోచేది. మా ఇంటి ముందు అటువంటివాళ్ళు చాపే చేతికి ఉన్న అర్థం.

మేడమ్‌తో చెప్పాను. "చెయ్యి చాపుతుంది గాని పని అందుకోదు మేడమ్. ఎవరైనా ఇస్తే తీసుకోవాలని చూస్తుంది. షెడ్డు పనికి రాదు. హోమే మంచిది."

"బాగా చూసినావా?"

"చూశాను మేడమ్."

హెడ్మాస్టరుగారి దగ్గర నా పని చూసిన మనిషి. ఇంకేమీ అడగలేదు.

కాఫీ గ్లాసు

హోముకు పంపే ముందు ఆ మాట రత్నమ్మ చేతుల్లో తానే చెప్పాలని మేడమ్ వచ్చింది. చెప్పకుండా మనిషిని బస్సెక్కించడం ఆవిడ దగ్గర జరగదు. నేనూ వెంట వెళ్ళాను.

బట్టల సంచి గడప పక్కన ఉంది. రత్నమ్మ దాన్ని అప్పటికే కనుక్కున్నట్టుంది. సంచిలో చెయ్యి పెట్టి మడతలు తడుముతూ ఏవి తన లంగాలు, ఏవి తన జాకెట్లు అని చూసుకుంటోంది. మధ్య మధ్య తలెత్తి ఎవరైనా చేతికి అందుతారా అని గాలిలో చెయ్యి తిప్పుతోంది. మునిరాజప్ప ఆ వైపు చూడకుండా గోడకేసి కూర్చున్నాడు. గౌరమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. కాఫీ తెచ్చి, ఒక గ్లాసు నా చేతికిచ్చి, "అది మా రత్నకి ఇయ్యండి సార్" అంది.

నేను గ్లాసు అందుకుని రత్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఉంగరం తాకించాను. ఆమె సంచి వదిలి అరచెయ్యి తెరిచింది. నేను గ్లాసు పీట మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగాను.

మేడమ్ చూసింది. రత్నమ్మ తెరిచిన చేతిని చూసింది, పీట మీది గ్లాసును చూసింది, నన్ను చూసింది.

"ఎవురికప్పా పెట్టినావు ఆ కాఫీ? సామికి నైవేద్యమా?"

నాకు అర్థం కాలేదు. "రత్నమ్మకే మేడమ్."

"పూలు గూడా ఇట్లనే ఇచ్చినావా?"

"ఇట్లాగే. ముందు పెట్టి..."

అక్కడ ఆగిపోయాను. నోటితో చెబుతుండగా నాకే వినపడింది. కాని ఆ రోజు నన్ను తల దించుకునేలా చేసింది మేడమ్ మాట కాదు. గౌరమ్మ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను వెనకేసుకొచ్చింది.

"సార్‌ని ఏమీ అనొద్దు మేడమ్. దొర ఇంటోళ్ళు అట్లనే గదా పెట్టేది. మా అత్త అట్లాటోళ్ళ కళ్ళంలో పనికి పోయింది, ఆయమ్మ చెప్పేది. కింద పెడతారు, మనం తీసుకోవాల. మాకు అలవాటే. మేమేమీ తప్పుగా అనుకోలేదు."

"నువ్వు చూసి తీసుకుంటావు తల్లీ. ఈ పాపకి ఎట్ల తెలుస్తుంది?"

గౌరమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "తెలీదని మాకు తెలుసు మేడమ్. అయితే దొరకి ఎదురు చెప్పేంతటోళ్ళమా?"

నేను ఆ ఊళ్ళో ఎవరికీ నా ఇంటి పేరు చెప్పలేదు. నా చెయ్యి చెప్పింది. వాళ్ళంతా దాన్ని చదువుకున్నారు, గౌరవించారు, నోరు మూసుకున్నారు. ఆ గౌరవానికి ఒక మనిషి తన ఇంటినే పోగొట్టుకోబోయింది.

మేడమ్ చాప మీద కూలబడింది. బకెట్లో వాడిన గులాబీలు ఇంకా ఉన్నాయి. ఒక కాడ తీసి రత్నమ్మ తెరిచిన అరచేతిలో పెట్టింది. రత్నమ్మ చటుక్కున మూసి పట్టుకుంది. తల నుంచి కింది దాకా వేళ్ళతో చూసింది. మేడమ్ తన చెయ్యి ఆమె చేతి కింద పెట్టి ఆకులు ఎంతవరకు దూయాలో ఒకసారి చూపించింది. రత్నమ్మ ఆ కాడ తానే దూసి, ఇంకొకదానికి చెయ్యి చాపింది. మేడమ్ ఇచ్చింది. మళ్ళీ చాపింది. బకెట్ ఖాళీ అయింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే పూల తలల మీద అరచెయ్యి ఆనించి ఎగుడుదిగుళ్ళు సరిచేసింది.

మునిరాజప్ప లేచి నిలబడ్డాడు. "ఇది... ఇది ఇంత చేస్తుందా?" అన్నాడు.

రత్నమ్మ మేడమ్ చేతులు పట్టుకుని సంచి గురించి అడిగింది. మేడమ్ అంతా చెప్పింది. పనికి రావని చెప్పారు, అందుకని హోముకు పంపాలనుకున్నాము అని. ఎవరు చెప్పారని అడిగింది రత్నమ్మ. మేడమ్ నా వైపు తిరిగి, "రా. నువ్వే చెప్పు" అంది.

కూర్చున్నాను. వీపు వంచక తప్పలేదు. నా చేతులు ఆమె చేతుల కింద పెట్టాను. నేనే చెప్పానని, తప్పు చెప్పానని, పూలు ఆమె చేతికి ఇవ్వలేదని సైగ చేశాను. ఆమె వేళ్ళు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. నా సైగలన్నీ అయిపోయేదాకా కదలకుండా చదివింది. తరువాత ఉంగరం మీద వేలు పెట్టి ఆగింది. గబగబా ఏదో చెప్పింది. అది చూసి మేడమ్‌కు నవ్వు ఆగలేదు.

"ఏమంటా ఉంది మేడమ్?" అని అడిగింది గౌరమ్మ.

"జోస్యం చెప్పేవాడనుకునిందంట! 'ఉంగరమాయన వస్తాడు, తాకుతాడు, నేను చెయ్యి చూపిస్తాను, చూసుకోని పోతాడు. ఒక్కసారీ ఏమీ చెప్పడు' అంటా ఉంది."

గౌరమ్మ ఏడుస్తూనే నవ్వింది. మునిరాజప్ప కూడా నవ్వాడు. రత్నమ్మ ఇంకా నా చేతులు వదల్లేదు. ఇంకొక ప్రశ్న అడిగింది. అది నాకు మేడమ్ చెప్పకుండానే అర్థమైంది.

ఇన్నిసార్లు చూశావు కదా, నా చేతిలో ఏం కనిపించింది?

నా చేతులు ఏ సైగా చేయలేదు. చేతుల్లో మౌనంగా ఉండటం నోటితో మౌనంగా ఉండటం లాంటిది కాదు. ఎదుటి మనిషి వేళ్ళకు అది తగులుతూనే ఉంటుంది. ఆమె కాసేపు చూసి నా చేతులు వదిలింది. లేచి, తడుముకుంటూ వెళ్ళి, గడప పక్కనున్న సంచిని తిరగేసి బట్టలన్నీ చాప మీద కుమ్మరించింది.

షెడ్డులో

పని నేర్పించే బాధ్యత ఇంకెవరికైనా ఇస్తుందేమోనని ఆశపడ్డాను. మేడమ్ నాకే ఇచ్చింది. శిక్షగా కాదు. "నేర్చుకోవాల్సింది ఇద్దరు. ఒకేసారి అయిపోతుంది" అంది.

గౌరమ్మ బల్లకు ఒక వైపు నిలబడి కాడలు కొలతల ప్రకారం ఏరి ఇచ్చేది. పక్కన రత్నమ్మ. మధ్యలో కొన్నాళ్ళు నేను. రేకుల కప్పు, తడి నేల, మందు వాసన, ఆడవాళ్ళ అరుపులు. కాడ చేతికి ఇవ్వాలి, అందుకుందని తెలిశాకే వదలాలి. చెప్పడానికి ఇంతే. నేను ఇచ్చిన మొదటి రోజుల్లో బల్ల మీద పడిన పూలే ఎక్కువ.

"సార్ చెయ్యి ఇంకా తిన్నె కాడికే పోతా ఉంది" అనేది గౌరమ్మ. ఇప్పుడామెకు అనడానికి భయం లేదు. ఆ మాటకు షెడ్డంతా నవ్వేది. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు ఇంకా సిగ్గు వేసేది.

రత్నమ్మ వేగంగా సైగలు చదివేటప్పుడు ఉంగరం కొక్కేలు వేళ్ళకు గీసుకునేవి. ఒకరోజు ఆమె దాన్ని పట్టి తిప్పి, కరుస్తోందని చెప్పింది. ఆ సాయంత్రం దాన్ని తీసేశాను. తాత వేలి నుంచి నాన్న వేలికి, నాన్న వేలి నుంచి నా వేలికి వచ్చిన ఉంగరం. తీయడానికి సబ్బు కావలసివచ్చింది.

మరునాడు షెడ్డుకు వెళ్ళేటప్పుడు అసలు ఆలోచన తట్టింది. గుర్తు పోయింది కదా, నేనేనని ఎలా తెలుస్తుంది? వేలిమీది ఉంగరపు మచ్చ తాకిద్దామనుకున్నాను. ఆమె దగ్గరికి వెళ్ళి చేతి వెనక తాకాను. మచ్చ దాకా రానివ్వలేదు. వెంటనే తలాడించింది, నవ్వింది. నేనెవరో చెప్పింది.

ఎలా తెలిసిందని అడిగాను. రత్నమ్మ గౌరమ్మ చెయ్యి పట్టుకుని, దాని మీదికి తన చెయ్యి తెచ్చి చూపించింది. చెయ్యి వచ్చింది. తాకే ముందు గాలిలో ఒక్క క్షణం ఆగింది. అప్పుడు తాకింది.

"ఆగేది ఎట్లా తెలుస్తుంది?" అన్నాను నోటితోనే, ఎవరినో.

"వేడి తెలుస్తుంది గదా సార్" అంది గౌరమ్మ. "చెయ్యి దగ్గరికొస్తే వేడి వస్తుంది. మీది వచ్చి నిలబడుకుంటుంది. ముందు నుంచీ అట్లనే."

బస్టాండు

దీన్ని ఇక్కడితో ముగిస్తే నాకు బాగుంటుంది. అందుకే ముగించడం లేదు.

అప్పటికి రత్నమ్మ షెడ్డులో కుదురుకుని చాలా కాలమైంది. కంటి డాక్టరుకు చూపించడానికి హోసూరు తీసుకెళ్ళాను. తిరిగి వస్తూ తళి బస్సు కోసం నిలబడ్డాం. ఆమె చేతులు నా చేతుల్లో ఉన్నాయి. షెడ్డులో ఎవరిదో పెళ్ళి కుదిరిన సంగతి చెబుతోంది. కథ రసపట్టులో ఉంది. అప్పుడు నా పెదనాన్న కొడుకు ఎదురుపడ్డాడు, తెల్ల పంచె, కారు తాళం.

"ఏమప్పా ఆఫీసరూ! ఈడ ఏం చేస్తా ఉన్నావు?"

నేను చేతులు లాక్కున్నాను. రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను. అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరీమె?" అన్నాడు. "ఆఫీసు పని మీద" అన్నాను. అతను అడిగింది అది కాదు.

అతను వెళ్ళాక తిరిగి చూశాను. రత్నమ్మ జనం మధ్యలో, బస్సుల మధ్యలో, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులు ఇంకా పెళ్ళి కథ చెబుతూనే ఉన్నాయి, ఎవరికో తెలియకుండా. తరువాత ఆగిపోయాయి. పడిపోతానేమోనన్నట్టు వేళ్ళు కొంచెం విప్పుకున్నాయి.

మళ్ళీ చేతులు కలిపాను. పెళ్ళి ఏమైందని అడిగాను. మరిచిపోయానని చెప్పింది. తళి దాకా ఇంకేమీ చెప్పలేదు.

నాకు అంతా తెలిశాక, ఉంగరం తీశాక, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాక చేసిన పని ఇది. కనుక ఒక్కసారి సిగ్గుపడితే మనిషి మారిపోతాడని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు ఏ ఇంటి నుంచి వచ్చినా మీ చేతికి ఒక పద్ధతి ఉంటుంది. ఎవరికి అందిస్తుందో, ఎవరికి ముందు పెట్టి ఊరుకుంటుందో కొన్నాళ్ళు పక్కవాళ్ళను చూసి చెప్పమనండి. మీకు మీరు చూసుకోలేరు. నేను చూసుకోలేదు.

ఇప్పుడు

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు తళి బస్సెక్కుతాను. రత్నమ్మ అదే షెడ్డులో, అదే బల్ల దగ్గర ఉంది. ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు కట్ట కట్టడం ఆమే నేర్పుతోంది. వాళ్ళ చేతుల కింద తన చేతులు పెట్టి.

మొన్న వెళ్ళినప్పుడు మేస్త్రీ ఆమె వీపు తట్టి ఎవరో వచ్చారని తెలియజేశాడు. ఆమె పని ఆపి, అరచెయ్యి తెరిచి నా వైపు చాపింది. నా చెయ్యి వెళ్ళింది. ఇన్నేళ్ళ తరువాత కూడా, తాకబోయే ముందు, అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. నేనేనని తెలిసింది.

వచ్చేటప్పుడు తలలు విరిగిన పూలు కొన్ని కట్ట కట్టి ఇచ్చింది. నా చెయ్యి ఎక్కడుందో ఆమె వెతికింది. దొరికించుకుని, వేళ్ళు విప్పి, కాడలు అందులో పెట్టి, నేను గట్టిగా పట్టుకున్నానని తెలిసేదాకా వదల్లేదు. ఆమె చెయ్యి ఎక్కడా ఆగలేదు.